బొటనవేలికి అందని బటన్

ఆదివారం రాత్రి, ప్లానో, టెక్సాస్.

పొద్దున తొమ్మిదింటికి పక్కింటి పెద్దాయన గరాజ్‌లోకి వెళ్లినవాణ్ణి, ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతులకి గన్ ఆయిల్ వాసన పోలేదు.

ఆయన వియత్నాంలో పనిచేసొచ్చిన మనిషి. అక్కడ నడుముకి కట్టుకు తిరిగిన రకం పిస్టలే, 1911 అనే మోడల్, తిరిగొచ్చాక సొంత డబ్బుతో కొనుక్కున్నారట. జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన ఆ పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకుంది. 1985లో బెరెట్టా పిస్టల్ వచ్చేదాకా సిపాయిల చేతుల్లో ఉన్నది ఇదే. ఇప్పుడు ఆయన వేళ్లకి కీళ్లవాతం. పిడి పట్టుకుంటే బొటనవేలు తూటాల మ్యాగజైన్‌ని వదిలే బటన్ దాకా వెళ్లడం లేదు. పల్చటి పిడి చెక్కలు వేస్తే అందుతుందని తెప్పించుకున్నారు. వాటికి పొట్టి బుష్‌లు (చెక్కల స్క్రూలు ఎక్కే చిన్న మర గొట్టాలు) కావాలి. అంటే పిస్టల్ ఫ్రేములో ఉన్న పాత బుష్‌లు, అటు రెండు ఇటు రెండు, ఊడదీయాలి. "నా చేతులు వణుకుతున్నాయి, నువ్వు తీసిపెడతావా?" అని మొన్న అడిగారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆయన.

నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేతు మీద నిలబడ్డ మనిషి, ఇలాంటివి ఆయనకి చెప్పకుండా మొదలుపెట్టను.

"మర ఎంత సన్నంరా?"

"అంగుళానికి 60 చుట్లు నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. "అర మిల్లీమీటరు కూడా లేదన్నమాట. బలం పెట్టకు. బుష్ పాడైతే ఇంకోటి దొరుకుతుంది, ఫ్రేములో మర పోతే ఏం చేస్తావు? గాటు నిండా బ్లేడు కూర్చున్నాకే తిప్పు."

పొద్దున ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని నేనూ చూశాను, ఆయనా చూశారు. చెక్కల స్క్రూలు విప్పుతుంటే మొదటిదే మొండికేసింది. స్క్రూతోపాటు బుష్ కూడా తిరిగి బయటికొచ్చేసింది. మరలో ఎర్ర జిగురు, వదులవకుండా పూసే గట్టి రకం. ఎవరో ఎప్పుడో జిగురు ఆరకముందే స్క్రూ బిగించేసి ఉంటారు, రెండూ ఒకటైపోయాయి. ఫ్రేములో మర బాగానే ఉంది. అదృష్టం.

మిగతా మూడింటికి ఆయన సొరుగులోంచి ఒక పనిముట్టు తీసిచ్చారు. చూడ్డానికి పొట్టి స్క్రూడ్రైవరే. మొన దగ్గర మాత్రం రెండు పళ్లు, వాటి మధ్య సన్నటి పుల్ల ఉన్నాయి. పుల్ల బుష్ రంధ్రంలోకి దిగుతుంది, పళ్లు రెండూ బుష్ తలమీద గాట్లలో కూర్చుంటాయి. మామూలు స్క్రూడ్రైవరైతే మధ్యలో బోలుగా ఉంటుంది కాబట్టి ఒకవైపుకి జారిపోతుంది, ఫ్రేము మీద గీత పడుతుంది. ఇది జారదు. చేతి బలమంతా నిటారుగా కిందికి దిగుతుంది. నాన్న చెప్పిన మాటకి ఎవరో ఉక్కుతో రూపం పోసినట్టుంది.

మ్యాగజైన్ దూరే సందులోంచి టార్చి వేసి చూస్తే ఒక బుష్ లోపలి అంచు చిట్లించి ఉంది. వదులైపోకుండా ఫ్యాక్టరీలో అలా కొడతారు. దాన్ని అలాగే తిప్పితే విచ్చుకున్న అంచు ఫ్రేము మరని చెక్కేసుకుంటూ వస్తుంది. చిన్న గ్రైండింగు రాయితో ఆ అంచొక్కటే అరగదీశాను. దానికే గంట పట్టింది, ఆ గంటలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

తర్వాత సోల్డరింగు ఐరను మొనని బుష్ రంధ్రంలో పెట్టి రెండు మూడు నిమిషాలు వేడి చూపించాను. పనిముట్టు పెట్టి, ఎడమ అరచేత్తో పైనించి నొక్కి, కుడిచేత్తో మెల్లగా తిప్పాను. ముందు ఏమీ కదల్లేదు. తర్వాత చిన్నగా 'టిక్' మంది. జిగురు వదిలిన ఆ చప్పుడు వేళ్లకే తెలిసింది, చెవికి కాదు. అక్కణ్ణించి చుట్టు చుట్టుకీ అలవోకగా లేచొచ్చింది. మిగతా రెండూ అంత కష్టపెట్టలేదు.

పొట్టి బుష్‌లు ముందు వేళ్లతోనే తిప్పి, మర సరిగా పట్టిందని తేలాకే పనిముట్టు పెట్టాను. ఒక్కోదానికి ఊదారంగు జిగురు ఒక్క చుక్క, అదీ బయటి మరకే. ఖాళీ మ్యాగజైన్ తోసి చూస్తే లోపల ఎక్కడా రాసుకోలేదు.

జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. రేపు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక నేనే బిగిస్తాను, అందాకా స్క్రూలు పెట్టొద్దని చెప్పాను. సరేనన్నారు గానీ ఆగలేకపోయారు. కొత్త చెక్కలు రెండూ బుష్‌ల మీద ఆనించి, స్క్రూలు లేకుండానే అరచేత్తో అదిమి పట్టుకున్నారు. వంగిన బొటనవేలు మెల్లగా ముందుకి జరిగి బటన్‌ని తాకింది. ఖాళీ మ్యాగజైన్ జారి ఎడమ అరచేతిలో పడింది. మళ్లీ తోసి మళ్లీ నొక్కారు. నేను బల్ల తుడుస్తూ లెక్కపెట్టాను, ఆరుసార్లు.