ముక్కు కొలతలూ, పెళ్లి కట్టుబాట్లూ

“మా రక్తమే వేరు” అనే మాట పెళ్లిచూపుల దగ్గర నుంచి ఎన్నికల సభల దాకా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. జాతి అనేది ఒంట్లోనే ఉంటుందనీ, ఆచారాలూ అలవాట్లూ దాని నుంచే పుట్టుకొస్తాయనీ ఒక నమ్మకం ఆ మాట వెనుక ఉంది. మన దేశం వరకు చూస్తే జరిగింది చాలావరకు దీనికి తలకిందులని నా అభిప్రాయం.

1901 జనగణనకు కమిషనర్‌గా పనిచేసిన హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కులను కొలిపించాడు. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి నూటితో గుణిస్తే వచ్చే అంకె ఎంత తక్కువైతే ఆ కులం అంత పైమెట్టున ఉంటుందన్నది ఆయన సిద్ధాంతం. అంటే కులం జాతి భేదం నుంచే పుట్టిందని ఆయన తేల్చేశాడు. అదే రకం కొలతలను దగ్గర పెట్టుకుని 1948లో అంబేద్కర్ దానికి సరిగ్గా వ్యతిరేకమైన నిర్ణయానికి వచ్చారు. బ్రాహ్మణులనూ అంటరానివారుగా ముద్రపడినవారినీ వేరు జాతులుగా చూపే ఆధారమేదీ ఆ అంకెల్లో లేదన్నారు.

భాష విషయంలోనూ ఇలాంటి తికమకే జరిగింది. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వేరే కుటుంబానికి చెందినవనీ 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ చూపించాడు. అది భాషల గురించి చేసిన పరిశీలన. తరువాతి కాలంలో దాని మీద “ద్రావిడ జాతి”, “ఆర్య జాతి” అనే మేడలు లేచాయి. బలూచిస్తాన్‌లో ద్రావిడ భాష మాట్లాడే బ్రాహుయీలు జన్యుపరంగా తెలుగువారికంటే తమ పక్కనున్న బలూచీలకే ఎంతో దగ్గరివారన్న సంగతి ఈ వాదనల్లో ఎవరూ ఎత్తరు.

మనుషుల మధ్య ఉండే జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహంలో చూసినా లోపలే దొరుకుతుందని 1972లో అమెరికన్ జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్కకట్టాడు. దీనికి 2003లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త ఎ.డబ్ల్యు.ఎఫ్. ఎడ్వర్డ్స్ చెప్పిన అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు: ఒక్కొక్క జన్యువును విడిగా కాక అనేక జన్యువులను కలిపి చూస్తే, ఒక మనిషి పూర్వీకులు ఏ ప్రాంతంవారో బాగానే పోల్చుకోవచ్చు. నిజమే. కానీ అదే పద్ధతిని ఇంకా సూక్ష్మంగా వాడితే మన కులాలు కూడా విడివిడిగా కనబడతాయి. అప్పుడు భూమి మీద ఎన్ని జాతులున్నాయనాలి? ఐదా, ఐదు వేలా? ఎక్కడ ఆగాలన్నది జన్యువులు చెప్పవు, కొలిచేవాడు నిర్ణయించుకుంటాడు.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడే అక్కరకొస్తుంది. వారు పరిశీలించిన సమూహాల్లో ఆంధ్రదేశపు వైశ్యులు ఉన్నారు. ఇరుగుపొరుగు కులాలతో కలిసి ఒకే ఊళ్లలో, ఒకే భాష మాట్లాడుతూ, ఒకే నీళ్లు తాగుతూ బతికినా, వంద తరాలకు పైగా వారు బయటివారితో దాదాపు వియ్యమందలేదని వారి జన్యువులు చెబుతున్నాయి. 2013లో అదే బృందం చేసిన మరో అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం మధ్య, ఈ దేశంలో భిన్న మూలాలున్న జనం విస్తారంగా కలిసిపోయారు. కలిసిపోయినవారిని మళ్లీ విడదీసింది పెళ్లి కట్టుబాటే.

ఆ కట్టుబాటు ఫలితం ఆపరేషన్ థియేటర్‌లో కనిపిస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును రక్తంలోని ఒక ఎంజైమ్ కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లోపించినవారికి మందు ప్రభావం గంటల తరబడి దిగదు. తమంతట తాము ఊపిరి తీసుకోలేరు కనుక, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దీన్ని వెంటనే మేనరికాల ఖాతాలో వేస్తారు గానీ, దగ్గరి బంధువులు కాని ఇద్దరు వైశ్యులు పెళ్లాడినా ముప్పు ఉంటుంది. కులమంతా కొద్దిమంది పూర్వీకుల సంతానం కావడమే అసలు కారణం.

“చూశారా, కులాల రక్తం వేరేనని సైన్సే చెబుతోంది” అని కొందరు దీన్నే తమ వాదానికి వాడుకుంటారు. కానీ ఈ లోపం బయటపడాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిన జన్యువు రావాలి. కనుక వేరే కులంలో పెళ్లి చేసుకున్నవారి పిల్లల్లో, ఆ ఒక్క తరంలోనే, అది బయటపడే అవకాశం దాదాపు లేకుండా పోతుంది.