ముందు ట్రిగ్గర్, ఆ తరువాతే బ్యారెల్

పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా కాల్చే) రైఫిల్ చేతికి వచ్చిన కొన్నాళ్లకే చాలామందికి దాన్ని మెరుగుపరచాలన్న కోరిక పుడుతుంది, అది పుట్టగానే అందరి దృష్టీ బ్యారెల్ మీదకే పోతుంది. షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన నాటి నుంచి హైదరాబాదులో ఈ ఆట వైపు వచ్చే పిల్లలూ పెద్దలూ పెరిగారు కనుక, రేంజ్‌లో టీ తాగే చోట ఈ చర్చ తరచుగా వినబడుతుంది. నా అభిప్రాయం మాత్రం స్థిరంగా ఒకటే: మామూలు స్పోర్టింగ్ రైఫిల్‌లో డబ్బు ముందుగా పెట్టవలసింది ట్రిగ్గర్ మీద.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. యాభై మీటర్ల రైఫిల్ పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, తూటా వ్యాసం దాదాపు 5.6 మిల్లీమీటర్లు. తూటా రంధ్రం అంచు ఆ వలయాన్ని తాకినా పది వస్తుంది కాబట్టి, రంధ్రం కేంద్రం టార్గెట్ నడిబొడ్డు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు. అంటే బెంచ్ మీద ఇసుక సంచుల ఆసరాతో కాల్చినప్పుడు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం ఒకటిన్నర సెంటీమీటర్లు మించని గ్రూపు (వరసగా కాల్చిన తూటాల రంధ్రాల గుంపు) వస్తున్నదంటే, ఆ బ్యారెల్ దాదాపు పదులన్నీ ఇవ్వగలిగినదే. అదే రైఫిల్‌ను నిలబడి కాల్చినప్పుడు గ్రూపు అరచేయంత అవుతున్నదంటే, లోపం ఇనుప గొట్టంలో కాక దాని వెనుక ఉన్న మనిషిలోనూ, ఆ మనిషి వేలికీ రైఫిల్‌కూ మధ్య ఉన్న యంత్రాంగంలోనూ ఉన్నట్టు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే స్పోర్టింగ్ రైఫిల్ ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి వేలు పెట్టవలసిన బలం, రెండు కిలోల దాకా ఉండడం సాధారణం, రైఫిల్ మొత్తం బరువేమో మూడు కిలోలకు అటూ ఇటూ. అంత బలంతో వేలు లాగుతున్నప్పుడు గురి కదలకుండా ఉండడం కష్టం. పైగా బరువు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ట్రిగ్గర్ జీడిపాకంలా సాగుతూ ఎప్పుడు విడుదలవుతుందో తెలియకపోవడం. మంచి రెండు దశల ట్రిగ్గర్‌లో మొదటి దశ తేలికగా వెనక్కి వచ్చి ఒక గోడ దగ్గర ఆగుతుంది, ఆ గోడ దగ్గర మరికొంచెం ఒత్తిడి పెడితే ఏ సాగుడూ లేకుండా తెగుతుంది, తెగిన తరువాత వేలు ఎక్కువ దూరం పోకుండా ఒక స్క్రూ అడ్డుకుంటుంది. పోటీ రైఫిళ్లలో ఈ బరువు నూటయాభై గ్రాముల లోపే ఉండవచ్చు, కానీ కొత్తవారు అంత తేలికకు తొందరపడకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వీడియోలు చూసి ట్రిగ్గర్ లోపలి ముక్కలను ఆకురాయితో రుద్దే ధైర్యవంతులు మన నగరంలోనూ ఉన్నారు. చాలా ట్రిగ్గర్లలో ఆ ముక్కల పైపొర మాత్రమే గట్టిది, అది అరిగితే లోపలి మెత్తని ఉక్కు త్వరగా అరిగిపోయి, బోల్ట్ (తూటాను లోపలికి తోసి బ్యారెల్ వెనుక వైపు మూసే కడ్డీ) గట్టిగా మూసినంత మాత్రాన రైఫిల్ దానంతట అదే పేలే స్థితి రావచ్చు. ఆ రైఫిల్ కోసమే తయారైన పూర్తి ట్రిగ్గర్ కొని, మరమ్మతు లైసెన్సు ఉన్న గన్ షాపులో బిగించుకుని, రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక బోల్ట్ గట్టిగా మూసి పరీక్షించడమే సరైన దారి.

ఇక బ్యారెల్ సంగతి. ఈ తూటా మెత్తని సీసం, పీడనం తక్కువ, పోటీ తూటాల వేగం ధ్వని వేగానికి కాస్త దిగువనే ఉంటుంది. అందువల్ల బ్యారెల్ లోపల తూటాను తిప్పే మెలిక గాడులు అంత సులభంగా అరగవు, చక్కగా చూసుకుంటే వేల తూటాలు కాల్చినా బ్యారెల్ నిలుస్తుంది. పాడైందనుకునే బ్యారెల్‌లో చాలాసార్లు తప్పు వేరే చోట ఉంటుంది: చాంబర్ (తూటా కూర్చునే గది) ముందు పేరుకున్న గట్టి మసి, మూతి వైపు నుంచి శుభ్రం చేసే రాడ్డు రాపిడికి దెబ్బతిన్న మూతి అంచు, లేదా స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే కర్ర భాగం) స్క్రూలు వదులు కావడం. జూన్‌లో వానలు మొదలయ్యాక స్పాంజి పెట్టెలో మూసి ఉంచిన రైఫిళ్లకు తుప్పు పట్టడమూ మామూలే. వీటన్నిటికన్నా ముందు చూడవలసింది తూటా. ఒకే కంపెనీ, ఒకే పేరు, లాట్ నంబర్ (ఒకే దఫాలో తయారైన తూటాలకు వేసే సంఖ్య) మాత్రం వేరైతే గ్రూపు రెట్టింపు కావడం నేను చూశాను.

ఇవన్నీ సరిచూసిన తరువాత కూడా బెంచ్ మీద గ్రూపు విచ్చుకుంటూనే ఉంటే అప్పుడు బ్యారెల్ మార్చవచ్చు. అయితే చట్టం దృష్టిలో బ్యారెల్ ఉత్త ఇనుప గొట్టం కాదు, 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ భాగాలు కూడా తుపాకీ నిర్వచనం కిందికే వస్తాయి, లైసెన్సు లేకుండా బ్యారెల్‌ను పొట్టి చేయడం నేరం. కనుక హైదరాబాదులో ఉన్నవారు పని మొదలుపెట్టక ముందే లైసెన్సు జారీ చేసే పోలీసు కమిషనర్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు. బిగించే పనిలోనూ చాంబర్‌కూ బోల్ట్ ముఖానికీ మధ్య ఖాళీ ఖచ్చితంగా కుదరాలి, కాల్చిన గుల్లను బయటికి లాగే కొక్కేనికి గాడి సరిపోవాలి. పాత బ్యారెల్‌కు నప్పిన తూటా కొత్తదానికి నప్పుతుందన్న హామీ లేదు కాబట్టి, లాట్ల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ తూటాల ఖర్చును కూడా బ్యారెల్ ధరలోనే కలిపి లెక్కవేసుకోవాలి.