అన్నీ గడ్డలే, జవాబులే వేరు

నా పరీక్ష ఫలితాలు వచ్చినంక చాలామంది బయాలజీ ఎట్ల చదవాలని అడుగుతున్నారు. సిలబస్, పేపర్ నమూనా మీకు తెలిసినవే. కాబట్టి ఒక్క చాప్టరే పట్టుకొని చెప్తాను: వేరు, కాండం, పత్రాల రూపాంతరాలు, అంటే ఇవి వేరే పని కోసం ఆకారం మార్చుకోవడం. పోయినసారి నాకు మార్కులు పోయింది ఇక్కడే, ఈసారి నిలబెట్టింది కూడా ఇదే.

మన ఓరుగల్లు దిక్కు ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, చామగడ్డ, కందగడ్డ అన్నీ గడ్డలే. పరీక్షలో మాత్రం ఆలుగడ్డ దుంపకాండం (భూమిలో కొన ఉబ్బిన కాండం), ఉల్లి లశునం (చిన్న కాండం చుట్టూ మందపాటి ఆకులు), చామ కందం (నిలువుగా ఉబ్బిన కాండం). మనం కందగడ్డ అనే చిలగడదుంప అబ్బురపు వేరు, అంటే కాండం నుంచి పుట్టిన వేరు. పుస్తకంలో కందం అనగానే మన కందగడ్డకు టిక్ పెడితే అర మార్కు పోయినట్టే. పుస్తకంలోని కంద వేరే మొక్క, దాని దుంప నిజంగానే కాండం.

అందుకే పేరు చూడొద్దు, కణుపు చూడండి. కణుపు అంటే ఆకు, మొగ్గ పుట్టే చోటు; అది కాండానికే ఉంటుంది, వేరుకు ఉండదు. ఆలుగడ్డను చేతిలోకి తీసుకోండి. ప్రతి కన్నూ ఒక కణుపు, అందులో ఉన్నవి గ్రీవపు మొగ్గలు (గ్రీవం అంటే ఆకు కాండాన్ని కలిసే మూల), కన్ను అంచున కనుబొమ్మలా ఉన్న గీత పొలుసాకు మచ్చ. కన్నులు సర్పిలంగా తిరుగుతూ కొన దగ్గర గుంపుగా చేరుతాయి. కందగడ్డ మీద ఈ వరుస ఉండదు. “మొలకెత్తింది కాబట్టి కాండమే” అనే వాదన తప్పు, ఎందుకంటే కందగడ్డ కూడా మొలకెత్తుతుంది. కానీ ఆ మొగ్గలు క్రమం లేకుండా పుడతాయి. అయోడిన్ వేసినా తేలదు, పిండి పదార్థం రెండింట్లోనూ ఉంటుంది. పసుపు కొమ్ము మీది గుండ్రటి గీతలు కూడా కణుపులే, అందుకే కొమ్ము నాటితే పంట వస్తుంది.

ఉల్లిని నిలువుగా కోయండి. అడుగున బిళ్లలా ఉన్నదే కాండం, పొరలన్నీ ఆకులు. “ఏ భాగం రూపాంతరం” అంటే కాండం, “ఏది తింటాం” అంటే పత్రాధారాలు, అంటే ఆకుల అడుగు భాగాలు. ప్రశ్న చివరి మాట దాకా చదవండి. కూరగాయలు ముందేసుకొని కూర్చుంటే టైం వేస్ట్ అన్నవాళ్లు ఉన్నారు. కత్తితో కోసి చూసింది పరీక్ష హాల్లో గుర్తొస్తుంది, పది బిట్ బ్యాంకులు తిరగేసినా అంత గట్టిగా గుర్తుండదు.

ఊడలు ఇంకో మోసం. మర్రి ఊడ వేరు. పల్లి ఊడ వేరు కాదు, అండాశయాన్ని (పువ్వులో కాయగా మారే భాగాన్ని) మట్టిలోకి దించే కాడ. పల్లికాయ భూమిలో పెరిగినా ఫలమే.

ముళ్లకు పుట్టిన చోటే గుర్తు. బత్తాయి ముల్లు ఆకు గ్రీవంలో వస్తుంది, కాబట్టి కాండం. నాగజెముడులో పచ్చటి బిళ్ల కాండం, ముల్లు పత్రం. గులాబీది బాహ్యచర్మపు పెరుగుదల మాత్రమే. నులితీగల్లో గుమ్మడిది కాండం, బఠానీది పత్రం.

చివరగా, ఈ చాప్టర్‌ది కాకపోయినా, బెరడు వలయం ప్రశ్న: చెట్టు చుట్టూ బెరడును ఉంగరంలా తీసేస్తే ఏమవుతుంది? బెరడుతో పోయేది పోషక కణజాలం, అంటే ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసేది. నీళ్లు మోసే దారువు లోపలే ఉంటుంది కాబట్టి నీళ్లు ఆగవు, ఆకులు వెంటనే వాడవు. ఆహారం కిందికి దిగక కోతకు పైన ఉబ్బుతుంది, వేర్లు ఆకలికి చచ్చి ఆ తర్వాత చెట్టు ఎండుతుంది. నమ్మకం కుదరకపోతే జామకు గాలి అంటు కట్టి చూడండి: రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడు తీసి, తడి నాచు పెట్టి పాలిథీన్ చుట్టండి. కొత్త వేర్లు కోత పై అంచు నుంచే వస్తాయి.