ప్రెస్టన్‌లో ఒక రోజు: ఫుట్‌బాల్ జీతాల ఊరు

మాంచెస్టర్ నుంచి ప్రెస్టన్‌కి రైల్లో గంట కూడా పట్టదు. ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా ఓల్డ్ ట్రాఫర్డ్, ఆన్‌ఫీల్డ్ చూసి వస్తారు. నాకు మాత్రం ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్ స్టేడియం డీప్‌డేల్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. బంతి ఆడినందుకు జీతం ఇవ్వొచ్చా అన్న గొడవ ముదిరింది ఇక్కడే.

అప్పట్లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ వ్యవహారాలన్నీ విలియం సడెల్ చేతిలో ఉండేవి. ఆయన పత్తి మిల్లు మేనేజర్. స్కాట్లండ్ నుంచి మంచి ఆటగాళ్లను రప్పించి, ఊళ్లో పనులు ఇప్పించి, చాటుగా డబ్బులిచ్చేవాడు. 1884లో ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) నడిపే ఎఫ్ఏ కప్‌లో అప్టన్ పార్క్ అనే లండన్ జట్టు దీని మీద ఫిర్యాదు చేస్తే, ఆయన దాచకుండా ఒప్పేసుకున్నాడు. ప్రెస్టన్‌ని పోటీ నుంచి తీసేశారు. ప్రెస్టన్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు క్లబ్బులు విడిపోతామని పట్టుబట్టేసరికి 1885 జూలైలో ఎఫ్ఏ దిగొచ్చి, జీతాలకు అనుమతి ఇచ్చింది. 1888-89లో జరిగిన మొట్టమొదటి లీగ్‌లో ప్రెస్టన్ 22 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. ఆ ఏడాది ఎఫ్ఏ కప్పూ వాళ్లదే, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా. ఇంతా చేసిన సడెల్, మిల్లు డబ్బు కాజేశాడని 1895లో జైలుకెళ్లాడు. అందులో కొంత క్లబ్బుకే పెట్టాడంటారు.

స్టేడియం బయట ప్రెస్టన్ పాత ఆటగాడు టామ్ ఫిన్నీ విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. 1956లో చెల్సీ మైదానంలో, నీళ్లు నిలిచిన గడ్డి మీద ఆయన జారుకుంటూ బంతి వెంట పోతున్న ఫొటో చూసి చేసిన విగ్రహం అది. చుట్టూ ఫౌంటెన్ నీళ్లు చిమ్ముతుంటే, ఆ క్షణం ఇప్పుడే జరుగుతున్నట్టుంది.

ఫిన్నీ ఈ ఊరివాడే, ప్లంబింగ్ పని నేర్చినవాడు. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌ల్లో 30 గోల్స్ కొట్టాడు. 1952లో ఇటలీ నుంచి పలెర్మో క్లబ్ పెద్ద మొత్తం ఇస్తానని పిలిస్తే, ప్రెస్టన్ క్లబ్ ఆయన్ని వదల్లేదు. అప్పుడు క్లబ్ ఒప్పుకోనిదే ఆటగాడు కదలడానికి లేదు. ఒప్పందం గడువు తీరినా అంతే. పైగా జీతానికి పరిమితి ఉండేది. చివరికి కూడా అది వారానికి 20 పౌండ్లే. ఫిన్నీ 1960లో ఆట మానేశాడు. 1961 జనవరిలో ఆ పరిమితి ఎత్తేశారు. ఆ వెంటనే ఫుల్‌హామ్ క్లబ్ తన ఆటగాడు జానీ హేన్స్‌కి వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. వేలాదిమందిని మైదానానికి రప్పించిన మనిషికి ఆ కొద్ది నెలల తేడాలో దక్కాల్సింది దక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

తిరిగి స్టేషన్‌కి వెళ్తూ వెస్ట్ క్లిఫ్ వైపు తిరిగాను. ప్రీమియర్ లీగ్ కింద ఉన్న మూడు డివిజన్లను నడిపే ఈఎఫ్ఎల్ ఆఫీసు అక్కడే. రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన బరీ క్లబ్‌ని 2019 ఆగస్టులో లీగ్ నుంచి తీసేసింది ఈ సంస్థే. అంతకు కొన్ని నెలల ముందే ఆ క్లబ్ ఒక్క పౌండ్‌కి చేతులు మారింది. అప్పులు తీర్చడానికి డబ్బుందని కొత్త యజమాని రుజువు చూపించలేకపోయాడు. అభిమానులు వేరే క్లబ్ పెట్టుకుని కింది స్థాయి నుంచి మొదలుపెట్టారు. 2023లో మళ్లీ సొంత మైదానం గిగ్ లేన్‌లో బరీ ఆట సాగింది.

మాంచెస్టర్ నుంచి బరీకి ట్రామ్ ఉంది. శనివారం మ్యాచ్‌కి టికెట్ కొనేశాను.