రెండు లక్షలు దాటిన ఇంజన్‌కి ఏ ఆయిల్?

నాన్నగారి పాత పెట్రోల్ కారు రెండు లక్షల కిలోమీటర్లు దాటేసింది, ఇప్పటికీ జయపురం నుంచి కొరాపుట్, సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి మళ్ళీ ఎక్కుతోంది, నాకు ఆ ఇంజనంటే ప్రాణం. ఈమధ్య డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ లెవెల్ కొంచెం తగ్గుతోంది, ఇంజన్ పైమూత, అదే టాపెట్ కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ కూడా. మా మెకానిక్ మావయ్యేమో "పాత బండి కదరా, 20డబ్ల్యూ-50 పోసెయ్" అన్నాడు, ఆయన చెప్పిందీ నిజమే, అరిగిన పిస్టన్ రింగుల దగ్గర చిక్కటి ఆయిల్ కాస్త ఆగుతుంది, ఎండాకాలం ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ ప్రెషర్ నిలబెడుతుంది. కానీ మా కొరాపుట్ వైపు జనవరి పొద్దున్నలు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఆ చలిలో స్టార్ట్ చేస్తే అంత చిక్కటిది పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా చేరడానికి టైం పడుతుంది, ఇంజన్ బాగా అరిగేది అప్పుడే. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న నంబర్ తక్కువైతే చలిలో తొందరగా పారుతుంది, వెనక నంబరేమో 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది.

అందుకే మాన్యువల్‌లో ఉందని చూసుకుని 10డబ్ల్యూ-40, అదీ హై మైలేజ్ రకం పోయించాను. అందులో గట్టిపడిన రబ్బరు సీల్స్‌ని మెత్తబరిచే మందు కలుపుతారు, చెమ్మలాంటి లీకులు తగ్గొచ్చు, చిరిగిపోయిన సీల్‌ని మాత్రం ఏ ఆయిలూ బాగుచెయ్యదు, మార్చాల్సిందే. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే లోపల ఆయిల్ కాలుతోందన్నమాట, ఇంకో డబ్బా కొనే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చెక్ చేయించండి.