నిల్వకు ముందు అడిగే ప్రశ్న

గుంటూరులో సంతాన సాఫల్య ల్యాబులో పనిచేసినన్నాళ్లూ నా మైక్రోస్కోపు కిందికి వచ్చిన అండాలు ఎక్కువగా పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన దంపతులవి. పిల్లలు పుట్టే అవకాశాన్ని దెబ్బతీయగల కీమోథెరపీ మొదలయ్యే లోపు అండాలనో వీర్యాన్నో దాచుకునే క్యాన్సర్ రోగులు ఇంగ్లండు వచ్చాకే నా దినచర్యలో భాగమయ్యారు. వారిలో చాలామందికి పెళ్లి కాలేదు, కొందరికి ఇరవై ఏళ్లయినా నిండలేదు.

వీర్యమైతే ఒక పూటలో పని ముగుస్తుంది. అండాలు ఎదగడానికి దాదాపు రెండు వారాల ఇంజెక్షన్లు కావాలి. ఇప్పుడు నెలసరి కోసం ఆగకుండా ఏ రోజైనా మొదలుపెడుతున్నారు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఈస్ట్రోజన్ హార్మోన్ మరీ పెరగకుండా లెట్రోజోల్ అనే మందు కూడా ఇస్తున్నారు. సేకరించిన అండాల చుట్టూ ఉన్న కణాలను తొలగించి, పరిపక్వమైన వాటిని ఏరి, లోపలి నీటిని లాగేసే ద్రావణాల్లో ఉంచి, మంచు స్ఫటికాలు కట్టే వ్యవధి ఇవ్వకుండా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచడం మా వంతు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగులకు చాలాసార్లు ఆ రెండు వారాలూ దొరకవు.

ఇంతకన్నా నాకు కష్టమనిపించేది సమ్మతి పత్రం. 2022 జులై నుంచి ఇక్కడి చట్టం, పదేళ్లకోసారి సమ్మతిని పునరుద్ధరించుకుంటే 55 ఏళ్ల వరకు నిల్వను అనుమతిస్తోంది. మరణిస్తే వీటిని భాగస్వామి వాడుకోవచ్చా, నశించిపోనివ్వాలా అన్న ప్రశ్నకు, జబ్బు సంగతి తెలిసి వారమైనా కాని మనిషి స్వయంగా జవాబు రాయాలి. చదువుకోవడానికి వచ్చిన ఒక తెలుగు కుర్రాడు, “అన్నా, ఇంట్లో ఇంకా చెప్పలేదు, నాన్నను అడిగి రాయొచ్చా?” అన్నాడు. “అడగడం నీ ఇష్టం తమ్ముడూ, రాయాల్సింది మాత్రం నువ్వే,” అన్నాను.

ఈ జవాబు స్పష్టంగా లేకపోతే గొడవ కోర్టులకెక్కుతుంది. క్యాన్సర్‌తో మరణించిన కూతురు దాచుకున్న అండాలను వాడనివ్వమని అడిగిన తల్లికి, రాతపూర్వక సమ్మతి సరిగ్గా లేదంటూ ఇక్కడి నియంత్రణ సంస్థ నిరాకరించగా, 2016లో అప్పీలు కోర్టు ఆ తల్లి పక్షాన తీర్పునిచ్చింది. కీమోకు ముందు అవివాహిత యువకుడు దాచిన వీర్యాన్ని, అతని మరణానంతరం తల్లిదండ్రులకు అప్పగించమని ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరులో ఆదేశించింది. తల్లిదండ్రుల ఆవేదన నాకు అర్థమవుతుంది గానీ, పోయినవారి మనసును బతికున్నవారు ఊహించాల్సి రావడం నాకు నచ్చదు. అందుకే ల్యాబులో ఎంత పనున్నా ఆ పేజీ దగ్గర ఎవరినీ తొందరపెట్టను. తెలుగువారైతే ప్రతి గడినీ తెలుగులో వివరించి, చికిత్సకు వ్యవధి ఉంటే మర్నాడు సంతకం చేయమంటాను.