మూడు లాంతర్ల దగ్గర ఆగిపోయిన మా ఫియట్టు

నిన్న ఆదివారం విజయనగరం నుంచి సాలూరు వెళ్లి తిరిగొచ్చాం. రానూపోనూ సుమారు 120 కిలోమీటర్లు. బండి ఒక్కచోట కూడా ఆగలేదు. ఈ ఒక్క మాట రాయడానికి నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాను.

నేను బ్యాంకు ఉద్యోగిని, 14 ఏళ్ల సర్వీసు. అప్పులు, డిపాజిట్లు చూసుకోమంటే రాత్రి దాకా కూర్చుని చేస్తాను. కానీ రెండేళ్లుగా మా అసలు పని పాలసీలు అమ్మడమే అయిపోయింది. పొద్దున్న ఎన్ని, మధ్యాహ్నం ఎన్ని, సాయంత్రం ఎన్ని అని గ్రూపులో లెక్క చెప్పాలి. రాత్రి 8 దాటాక వీడియో మీటింగు. వెనకబడిన బ్రాంచీల పేర్లు చదివి అందరి ముందూ కడిగేస్తారు. జులైలో ఒకరోజు ఓచరు మీద సంతకం పెట్టబోతే నా సంతకం ఎలా మొదలవుతుందో గుర్తు రాలేదు. పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. పింఛనుకి వచ్చిన ముసలమ్మ "బాబూ, ఒంట్లో బాగులేదేటి?" అంది. రెండేళ్లలో ఆ బిల్డింగులో నన్ను ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే.

డాక్టరుగారు బీపీ చూసి రెండు నెలలు సెలవు పెట్టమన్నారు. బర్నౌట్, అంటే పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలిసిపోవడం, అని రాయమంటే కుదరదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చింది గానీ జబ్బుగా చేర్చలేదట. సర్టిఫికెట్ మీద రక్తపోటు, నిద్రలేమి అని పడింది.

మొదటి వారం ఇంట్లో కూర్చుంటే చెయ్యి ఊరికే ఫోను మీదకే పోయేది. అప్పుడు మా ఆవిడ "గజపతినగరం వెళ్లి మావయ్యగారిని చూసి రండి" అని పంపింది. అక్కడ పశువుల శాలలో, గడ్డిమోపుల వెనక, మా మేనమామ ఫియట్టు ఉంది. 1991 మోడల్ ప్రీమియర్ పద్మిని. కాగితాల మీద పద్మినే గానీ మా వైపు ఎప్పుడూ ఫియట్టనే అన్నారు. ఇటలీ ఫియట్ 1100 బండినే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారు చేసేవారు. 1974 నుంచి దానికి పద్మిని పేరు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. నా చిన్నప్పుడు రామతీర్థం శివరాత్రికి అందులో తొమ్మిదిమంది వెళ్లేవాళ్లం. నేను మావయ్య ఒళ్లో కూర్చుని ఆ కడ్డీ పట్టుకునేవాణ్ని.

"ఒరే, తీసుకుపోతావా? తుక్కువాడు 18 వేలంటున్నాడు, నాకు మనసొప్పట్లేదు" అన్నాడు మావయ్య. తీసుకున్నాను.

కాగితాలు తేలిగ్గానే అయ్యాయి. ఫారం 29, 30 సంతకాలు పెట్టాడు, బండి నా పేరు మీదకి మారింది. మావయ్య గొప్పతనం ఏంటంటే 15 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషను తప్పకుండా పొడిగించుకుంటూ వచ్చాడు. చివరిసారి 2021లో. మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే గడువు మాత్రం దాటనివ్వకండి. పాత కారు పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలే. తర్వాత 5,000 అయింది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000. గడువు దాటితే నెలకి 500 అదనం.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి నాలుగు రంధ్రాల్లోనూ డీజిలు పోసి మూడు రోజులు వదిలేసి, నాలుగో రోజు చేత్తో తిప్పితే కదిలింది. టింకరింగ్, లప్పం, రంగు దాసన్నపేట షెడ్డులో 19 రోజుల్లో అయ్యాయి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, అది పాత రబ్బరుని తినేస్తుంది, అందుకని పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేశాను. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. అయినా సామాను ఇంకా అక్కడి నుంచే కొరియర్లో వస్తోంది. ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులకి గ్రీజు కొట్టడం, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లో పాయింట్లు రుద్దడం, గ్యాప్ సరిచూడడం నేనే నేర్చుకున్నాను. ఒకసారి ప్లగ్ వైర్లు తారుమారు చేస్తే కార్బొరేటర్లోంచి తుపాకీ పేలినట్టు పేలింది. అప్పటినుంచి బానెట్ లోపల సుద్దతో 1-3-4-2 అని రాసుకున్నాను, సిలిండర్లు మండే వరస, ఫైరింగ్ ఆర్డరు అది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి మాత్రం దూరకండి. కింద దిమ్మలు పెట్టండి.

ఆ రోజుల్లో నేను రాత్రి పదింటికే పడుకున్నాను. గోళ్లలో గ్రీజు, ఒళ్లంతా నొప్పులు, తెల్లారేదాకా ఒకటే నిద్ర. ఫోను ఎక్కడ పెట్టానో వెతుక్కునేవాణ్ని. అందుకు ఈ బండికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

సెప్టెంబరు చివర్లో బండి రోడ్డెక్కింది. అసలు కథ అక్కడ మొదలైంది.

బండి బ్రహ్మాండంగా స్టార్టయ్యేది. 20 నిమిషాలు వెన్నలా నడిచేది. తర్వాత రెండు మూడు కుదుపులు, ఆగిపోయేది. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది.

పైడితల్లమ్మ పండగ ఇంకో నాలుగు రోజుల్లో. ఊరంతా జనం. మా ఆవిణ్ని, చిన్నదాన్ని ఎక్కించుకుని గంటస్తంభం వైపు నుంచి వస్తూ మూడు లాంతర్ల జంక్షను దగ్గరకొచ్చేసరికి రెండు కుదుపులు కుదిపి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకంతా హారన్లు. కానిస్టేబుల్ వచ్చి బానెట్ మీద చేత్తో కొట్టి "తియ్యండి, తియ్యండి" అని అరుపు. నేను దిగి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, భుజంతో తలుపు దగ్గర తోస్తున్నాను. మా ఆవిడ పట్టుచీరతో వెనక నుంచి తోస్తోంది. బాగా వెనకున్న కార్లోంచి ఒకాయన దిగి నడిచొచ్చాడు. సాయానికే అనుకున్నాను. మా పై అధికారి.

"ఒంట్లో బాగోలేదన్నారు కదండీ?" అన్నాడు.

ఏమనాలో తెలియలేదు. చొక్కా తడిసి ముద్దయి ఉంది, చేతులకి మసి. మా ఆవిడే "డాక్టరుగారే ఏదో ఒక పని పెట్టుకోమన్నారండి" అంది. ఆయన నవ్వి, ఫోను తీసి, ఫోటో కొట్టుకుని వెళ్లిపోయాడు. తొయ్యడానికి చెయ్యి వెయ్యలేదు. రాత్రికి ఆ ఫోటో బ్రాంచి గ్రూపులో ఉంది, కింద "మనవాడి వైద్యం" అని. 11 మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్లలో ఇద్దరికి నేను నా సెలవు వదులుకుని డ్యూటీ చేసిపెట్టాను. ఒక మనిషి సెలవులో ఎలా కనిపించాలని వీళ్ల ఉద్దేశం? మంచం మీద మూలుగుతూ ఉంటేనే జబ్బా? మంచానికి అతుక్కుపోకుండా ఉండడానికే కదా డాక్టరు సెలవు రాసింది! ఆ రాత్రి మళ్లీ నిద్ర లేదు. బీపీ మళ్లీ మొదటికొచ్చింది.

ఇక పంతం పట్టాను. నాకు తెలిసినవాళ్లంతా తలో మాట చెప్పారు. ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే కాయిలు వేడెక్కి కొట్టేస్తోందని ఒకరు. కాయిలు మార్చాను. పాయింట్లకి ఉండే కండెన్సర్ అని ఇంకొకరు. అదీ మార్చాను. ఇథనాల్ పెట్రోలు వేడికి ఆవిరై ఏసీ పంపులో గాలి పడుతోందని మరొకరు. ఏసీ పంపంటే ఇంజనుకి బిగించి ఉండే పెట్రోలు పంపు. దాని మీద తడిగుడ్డ వెయ్యమన్నారు. ఎండాకాలంలో అంబాసిడర్ డ్రైవర్లు చేసే పనే అది. బండి ఆగినప్పుడు గుడ్డ తడిపి వేశాను. పది నిమిషాలకి స్టార్టయింది! దొరికిందనుకున్నాను. మూడు వారాలు డిక్కీలో నీళ్ల డబ్బా, గుడ్డ పెట్టుకుని తిరిగాను. అయినా 20 నిమిషాలకోసారి ఆగుతూనే ఉంది.

పక్క జిల్లాలో పాత బండ్లకి పేరున్న ఒక పెద్ద వర్క్‌షాపు ఉంది. పేరు రాయను. అక్కడికి లారీ మీద పంపాను. ఏసీ పంపు మార్చారు, కార్బొరేటర్ కిట్టు వేశారు, నేను కొన్న కొత్త కాయిలు తీసేసి వాళ్లది పెట్టారు. 26 రోజులు, 11,400 రూపాయలు. ఇంటికొస్తూ దారిలోనే ఆగింది. ఫోను చేస్తే అక్కడి సూపర్‌వైజరు "సార్, ఇలాంటి బండ్లు షోకి పెట్టుకోవాలి గానీ తిప్పకూడదు, మీకు డ్రైవింగ్ అలవాటు తప్పిందేమో చూసుకోండి" అన్నాడు. నా పాత ఏసీ పంపు ఇమ్మంటే తుక్కులో పోయిందన్నాడు. అది 1991లో బండితో వచ్చిన పంపు. మీకు చెప్పేది ఒక్కటే: ఏ షెడ్డుకి ఇచ్చినా, ఇచ్చేముందు ఇంజను ఫోటోలు తీసుకోండి. తీసిన ప్రతి పాత సామానూ సంచిలో పెట్టి ఇవ్వమని ముందే చెప్పండి.

ఈలోగా సెలవు అయిపోయింది, డ్యూటీలో చేరాను. బండికి మిగిలింది ఆదివారాలే. మావయ్యే అన్నాడు, "సాలూరు తీసుకుపో, ఒరిస్సా ఘాట్లు ఎక్కే లారీలు చూసే మేస్త్రీలుంటారు" అని. నాలుగుసార్లు ఆగుతూ సాలూరు చేరాం. లారీల మధ్యన చిన్న షెడ్డు. మేస్త్రిగారికి 70 దాటి ఉంటాయి. బానెట్ ఎత్తబోతే వద్దన్నారు.

"ఆగిపోయినాక ఎంతసేపటికి లేస్తాది?"

"పది నిమిషాలండి."

"టాంకీ నిండా ఉన్నప్పుడు తొందరగా ఆగిపోతాదా, అడుగునున్నప్పుడా?"

నాలుగు నెలల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఆలోచిస్తే నిజమే. బంకు నుంచి బయల్దేరిన ప్రతిసారీ ముందే ఆగింది. పెట్రోలు తగ్గాక కాస్త ఎక్కువ దూరం పోయింది. ఆ మాటే చెప్పాను. ఆయన లేచి ముందు సీట్లో కూర్చుని "పదండి" అన్నారు. పాచిపెంట వైపు కొంత దూరం పోయాక కుదిపి ఆగింది. ఆయన దిగి తిన్నగా వెనక్కి పోయి పెట్రోలు మూత దగ్గర చెవి పెట్టారు. నన్నూ పెట్టమన్నారు. తాళం తిప్పి మూత కొంచెం వదులు చేయమన్నారు.

స్‌స్‌స్‌స్ అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. టాంకీ రేకు "టక్" మంది. అయిదారు సెకన్లు పట్టింది ఆ చప్పుడు ఆగడానికి. సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్టయింది.

"ఏటి బాబూ, ఈ మూత ఎప్పుడు మార్సీసినారు?"

రంగు వేయించినప్పుడు మార్చాను. పాతది తుప్పు పట్టి అసహ్యంగా ఉందని, పెట్రోలు దొంగలెత్తుకుపోతారని, తళతళలాడే తాళం మూత నేనే ఎంచి కొన్నాను. పాత మూతకి మధ్యలో గుండుసూది పట్టేంత బెజ్జం ఉంది. దానికుంది, దీనికి లేదు. పంపు పెట్రోలు లాగుతున్న కొద్దీ దాని జాగాలోకి గాలి రావాలి. రాకపోతే టాంకీలో గాలి పలచబడి, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. నిండుగా ఉంటే లోపల ఉండే గాలి తక్కువ, అందుకే తొందరగా పలచబడుతుంది. ఆపి ఉంచితే మూత అంచుల్లోంచి కొంచెం కొంచెం గాలి దూరి పది నిమిషాల్లో సర్దుకుంటుంది. నేను గుడ్డ తడిపి వేసిన ఆ పది నిమిషాలూ అవే. గుడ్డకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

నేను అక్కడే రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయాను. కాయిలు రెండుసార్లు, కండెన్సరు, పంపు, కార్బొరేటరు, లారీ కిరాయి. మూడు లాంతర్ల దగ్గర మా ఆవిడ పట్టుచీర.

మూతకి బెజ్జం కొట్టేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "నీళ్లు దిగిపోతాయి బాబూ. పాతది ఎక్కడ పారీసినారు? ఎతకండి" అన్నారు. 300 అడిగారు, ఇచ్చాను. ఇంకా ఇస్తానంటే తీసుకోలేదు. మూత సగం వదులుగా బిగించి మెల్లగా ఇంటికొచ్చాం.

పాత మూత నేను పారేయలేదు. రంగు పని జరిగినప్పుడు మా చిన్నది ఏరుకుని దాని వంటసామాన్ల బుట్టలో పెట్టుకుంది, అట్లపెనం కింద ఆడుకుంటోంది. వెయ్యి రూపాయల కొత్త స్టవ్వు బొమ్మ కొనిస్తానంటే గానీ ఇవ్వలేదు. కిరసనాయిలులో నానబెట్టి, తుప్పు గీకి, బెజ్జంలో గుండుసూది పెట్టి శుభ్రం చేసి నేనే బిగించాను.

నిన్న మావయ్యని గజపతినగరంలో ఎక్కించుకుని మళ్లీ సాలూరు వెళ్లాం, మేస్త్రిగారికి చూపించడానికి. ఆయన ఊళ్లో లేరు. తిరిగొచ్చేటప్పుడు మావయ్య స్టీరింగ్ అడిగాడు. 79 ఏళ్లు, నాలుగేళ్లయింది నడిపి. మానాపురం దాటాక ఖాళీ రోడ్డు మీద ఒక రెండు కిలోమీటర్లు ఇచ్చాను. మూడో గేరు నుంచి నాలుగో గేరుకి కడ్డీ మార్చేటప్పుడు ఆయన చెయ్యి వణకలేదు. దారిలో నా ఫోను రెండుసార్లు మోగింది, ఆదివారం లెక్కలు అడగడానికి. ఎత్తలేదు. జూన్‌లో రిజిస్ట్రేషను పొడిగింపు ఉంది, 10,000 ఇప్పుడే పక్కన పెట్టేశాను.